ఇరవై ఏళ్ళ బుల్లెట్ మీద మోజు తగ్గితే ఏ బండికి మారాలి?

మొన్న సంక్రాంతి అయ్యాక మా బావ తన బుల్లెట్ అమ్మేశాడు. 1994 మోడల్, కుడికాలి గేరు, ఆకుపచ్చ ట్యాంకు. కొన్నవాళ్ళు దాన్ని డీసీఎంలోకి ఎక్కిస్తుంటే బావ గుమ్మంలోకి కూడా రాలేదు. లోపల టీవీ చూస్తూ కూర్చున్నాడు. పాపం బాధపడుతున్నాడేమోనని పలకరించబోయాను. "బాధేం లేదురా. అదే నాకూ వింతగా ఉంది" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే నా బండి సంగతీ అంతే. 1997 బుల్లెట్, 2003లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఒకప్పుడు వారం రోజులు తీయకపోతే కాళ్ళు చేతులు పీకేవి. ఈసారి కవరు తీసి చూసుకుంటే నలభై రోజులైంది కిక్ కొట్టి. బ్యాటరీ పడుకుంది. కోపం రాలేదు, కవరు మళ్ళీ కప్పేశాను.

విజయవాడలో మేమొక పదిమందిమి ఉన్నాం. అందరికీ యాభై అటూ ఇటూ. పదిమందిలో ఆరుగురికి ఇదే జబ్బు. కొందరు అదే కంపెనీ కొత్త మోడల్ కొన్నారు, కొందరు "ఇక చాలు" అని వేరే కంపెనీకి వెళ్ళిపోయారు. ఇద్దరు కొన్న ఏడాదికే మళ్ళీ అమ్ముకున్నారు. వాళ్ళందరినీ చూసి, నేను కూడా నాలుగు షోరూముల చుట్టూ తిరిగి వచ్చాక అర్థమైంది ఒకటే. ఏ బండి మంచిది అన్నది రెండో ప్రశ్న. మీకు పాతదాంట్లో ఏది పోయింది అన్నది మొదటిది. అది తేల్చుకోకుండా రెండు లక్షలు పెడితే, కొత్తదాని మీద కూడా అదే దుమ్ము పడుతుంది.

శబ్దం పోయిందని బాధపడేవాళ్ళకి

ఎక్కువమంది మొదట చెప్పేది ఇదే. "పాత డుగ్ డుగ్ లేదు." నిజమే, లేదు. కానీ ఎందుకు లేదో తెలిస్తే, ఎక్కడ వెతకాలో, ఎక్కడ వెతకకూడదో తెలుస్తుంది.

పాత క్యాస్ట్ ఐరన్ (పోత ఇనుము) ఇంజన్ 346 సీసీ. పిస్టన్ స్ట్రోక్ 90 మిల్లీమీటర్లు, బోరు 70. అంటే సన్నగా, పొడుగ్గా ఉండే సిలిండరు. బరువైన ఫ్లైవీలు, పాయింట్లు, కార్బొరేటరు. ఆటోనగర్‌లో మా మెకానిక్ స్క్రూడ్రైవర్ పట్టుకుని ఐడిలింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం) తగ్గించుకుంటూ పోతే, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య "ఆగిపోయిందా?" అన్నంత సందు వచ్చేది. ఆ సందే మనం ప్రేమించింది. 2009లో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ మోడల్‌తో పాటు వచ్చిన యూసీఈ ఇంజన్‌లో (ఇంజన్, గేర్‌బాక్సు ఒకే పెట్టెలో ఉండే రకం) అది కొంత తగ్గింది. 2017లో బీఎస్ 4, 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 పొగ నియమాలు వచ్చాక, గొట్టంలో పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్, ఇంధనానికి ఇంజెక్షన్. ఐడిలింగ్ ఎంత ఉండాలో ఇప్పుడు కంప్యూటర్ చెబుతుంది, స్క్రూడ్రైవర్ కాదు. 2020 చివర్లో అదే కంపెనీ మీటియర్ మోడల్‌తో మొదలైన జె సిరీస్ ఇంజన్‌కి పైన క్యామ్‌షాఫ్ట్, లోపల వణుకు చంపడానికి బ్యాలెన్సర్ షాఫ్ట్. 349 సీసీ, 20 హార్స్‌పవర్, 27 న్యూటన్ మీటర్ల టార్క్. అదే ఇంజన్ 2021లో క్లాసిక్‌కి, 2022లో హంటర్‌కి, 2023 సెప్టెంబర్‌లో బుల్లెట్‌కి వచ్చింది.

అంటే శబ్దం కోసం ఏ కంపెనీ షోరూంకి వెళ్ళినా అది దొరకదు. పొగ నియమాలు అందరికీ ఒకటే. సైలెన్సర్ మార్చి తెచ్చుకుంటాం అంటారా, ఆ పని కుర్రాళ్ళు చేస్తే మనమే తిట్టుకుంటాం, పోలీసులు పట్టుకుని రోడ్డు రోలరు కింద వేస్తే చప్పట్లు కొడతాం. కాబట్టి మీకు పోయింది శబ్దమే అయితే పాతబండి అమ్మకండి. ఉన్నదాన్ని బాగుచేయించుకోండి.

బాగుచేయించడం అంటే ఇంజన్ ఒక్కటే కాదు. ఇది చాలామంది చేసే పొరపాటు. ఇంజన్‌కి వేలు పోస్తారు, కింద బండి ఊగుతున్నా పట్టించుకోరు. నా బండి మీద నాకు విసుగు పుట్టింది దేనికని మెకానిక్ అడిగితే "మలుపులో నమ్మకం లేదు" అన్నాను. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పాడు. మధ్యలో ఒకచోట టిక్కుమని ఆగుతోంది. కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగు, గుంటలు పడిపోయింది. వెనక చక్రం పట్టుకుని పక్కకి లాగితే, ఆ చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు కదులుతున్నాయి. కోన్‌సెట్, బుష్‌లు, రెండు టైర్లు, సీటులో కొత్త ఫోము. కొత్త బండి డౌన్‌పేమెంట్‌లో నాలుగో వంతు కూడా కాలేదు. బండి మీద సగం మోజు ఆ సాయంత్రమే తిరిగొచ్చింది. మిగతా సగం ఎందుకు రాలేదో కింద చెబుతాను.

పాతది ఉంచుకునేవాళ్ళు ఇంకో రెండు లెక్క వేసుకోవాలి. ఒకటి కాగితాలు. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి ఆర్సీ రెన్యువల్, దానికి తోడు గ్రీన్ ట్యాక్స్. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్ళు దాటిన టూవీలర్‌కి రెన్యువల్ ఫీజే 2,000 రూపాయలు. రెండోది పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేదాంట్లో ఇరవై శాతం ఇథనాల్. అది నీళ్ళని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని, వాషర్లని తింటుంది. నెలకోసారి తీసే బండి అయితే, పెట్టేముందు ట్యాంకు కింది పెట్రోలు కాక్ కట్టేసి కార్బొరేటర్‌లో పెట్రోలు అయిపోయేదాకా ఇంజన్ నడపండి. పైపులు కొత్తవి వేయించండి. కష్టమైన పనేం కాదు, మర్చిపోతే మాత్రం కార్బొరేటరు విప్పించాల్సిందే.

ఊరందరి బండి అయిపోయిందని అనేవాళ్ళకి

నిజం చెప్పాలంటే మా పదిమందిలో సగం మంది అసలు బాధ ఇది. ఒప్పుకోరు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టింది ముఖ్యంగా సైన్యం అవసరాల కోసం. తర్వాత చాలా ఏళ్ళు అది ఎస్సైగారి బండి, పాలాయన బండి, మోతుబరి రైతు బండి. 2000 ప్రాంతంలో దీన్ని నడపాలా మూసేయాలా అని దాని యజమాని ఐషర్ కంపెనీ వాళ్ళే ఆలోచనలో పడ్డారు. మనం అప్పుడు కొన్నాం. వీధిలో మనదొక్కటే. 2024-25లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఒక్క ఏడాదిలో పది లక్షల బళ్ళు దాటి అమ్మింది. ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఆగితే నాలుగు ఉంటాయి, అందులో మూడు మనకంటే శుభ్రంగా ఉంటాయి.

దీనికి మందు లేదు. "ఎవరి దగ్గరా లేనిది" కావాలని మా వాళ్ళలో ఒకాయన 2018లో జావా మళ్ళీ వచ్చినప్పుడు బుక్ చేశాడు. మైసూరు ఐడియల్ జావా రోజుల నుంచి ఆ పేరంటే ఆయనకి ప్రాణం. డెలివరీకి నెలల తరబడి ఎదురుచూశాడు. బండి అందంగానే ఉంటుంది, ఇప్పటి జావా 350 ఇంజన్ 334 సీసీ, నీళ్ళతో చల్లబడే రకం, చురుగ్గా లాగుతుంది. కానీ ఆయన కోరుకున్నది పదిమంది ఆగి చూడటం. ఆరు నెలలు చూశారు, తర్వాత మానేశారు. అలాంటి కోరికతో కొనే బండికి ఆయుష్షు అంతే. జావా ట్యాంకు గీత, ఆ రెండు సైలెన్సర్లు మీకు నిజంగా నచ్చితే అది వేరే సంగతి, తప్పకుండా నడిపి చూడండి.

మోకాళ్ళు, నడుము

నాకు తిరిగిరాని ఆ మిగతా సగం ఇదే. ఒప్పుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

పాతబండి కిక్ కొట్టడం ఒక తంతు. తాళం తిప్పి, కిక్ మెల్లగా నొక్కుతూ అమీటర్ ముల్లు వైపు చూడాలి. ముల్లు మధ్యకి వచ్చిందంటే పిస్టన్ పైకి చేరిందని గుర్తు. అప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి వదిలించే డీకంప్రెషన్ లివర్ పట్టుకుని ఇంకొంచెం కిందికి నెట్టి, వదిలి, కిక్ పైకి రానిచ్చి, ఒంటి బరువంతా వేసి ఒక్క దెబ్బ. లెక్క తప్పితే కిక్ వెనక్కి తన్నుతుంది. ముప్పై ఏళ్ళప్పుడు అది మగతనం అనుకున్నాం. యాభైలో అది మోకాలి చిప్ప.

కొత్త బుల్లెట్‌కి కిక్కే లేదు. సెల్ఫ్ నొక్కడమే. పాతవాళ్ళు దీన్నే తప్పుపడతారు, నేనైతే దండం పెడతాను. కాకపోతే బరువు 195 కిలోలు. నడిచేటప్పుడు తెలియదు, పార్కింగ్‌లోంచి వెనక్కి లాగేటప్పుడు తెలుస్తుంది. నడుం నొప్పి ఉన్నవాళ్ళు అదే ఇంజన్ ఉన్న హంటర్ చూడాలి. 181 కిలోలు, సీటు ఎత్తు 790 మిల్లీమీటర్లే, చిన్న చక్రాలు. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో సైకిల్‌లా తిరుగుతుంది. మన వయసుకి చూడటానికి కుర్రబండిలా ఉంటుందని సిగ్గు పడేవాళ్ళు ఉన్నారు. ఆ సిగ్గు పదిరోజులు, నడుము జీవితాంతం.

హోండా సీబీ 350 ఇక్కడే గెలుస్తుంది. 2020 చివర్లో హైనెస్ పేరుతో వచ్చింది. 348 సీసీ, 20 హార్స్‌పవర్‌కి కాస్త పైన, టార్క్ 30 న్యూటన్ మీటర్లు, బరువు 181 కిలోలు. క్లచ్ రెండు వేళ్ళతో పట్టుకోవచ్చు. వందకిలోమీటర్లు పోయాక ఎడమ మణికట్టు నాకు నొప్పి పెట్టని మొదటి 350 ఇదే. బీట్ కూడా బాగానే పెట్టారు, కళ్ళు మూసుకుని వింటే ఇంజన్ ఏదో తెలియని శుభ్రమైన దెబ్బ. కొంచెం ఎక్కువ శుభ్రం అనిపించింది నాకు, ఇస్త్రీ చేసిన లుంగీలాగా. ఒంటరిగా లాంగ్ రైడ్లు చేసే మనిషి, బండి గురించి ఆలోచించకుండా దారి చూడాలనుకునే మనిషి ఎవరైనా నన్నడిగితే కళ్ళు మూసుకుని ఇదే చెబుతాను. ఒక్కటి చూసుకోండి. దీన్ని హోండా మామూలు షోరూముల్లో అమ్మరు, బిగ్‌వింగ్ అనే వేరే షోరూముల్లో అమ్ముతారు. మీ ఊరికి అది ఎంత దూరమో ముందు తేల్చుకోవాలి.

స్పీడు చాల్లేదు అనేవాళ్ళు

హైదరాబాదు, విజయవాడ మధ్య హైవే మీద పాత బుల్లెట్ డెబ్బై దాటితే అద్దాల్లో వెనకబండి రెండుగా కనిపిస్తుంది. జె సిరీస్ తొంభై దాకా హాయిగా పోతుంది, ఆపైన ఓవర్‌టేక్ చేయాలంటే అడగాలి, బతిమాలాలి. అది మీకు సరిపోవట్లేదంటే 350ల చుట్టూ తిరగడం అనవసరం.

ట్రయంఫ్ స్పీడ్ 400 నడిపి చూడండి. 398 సీసీ, 40 హార్స్‌పవర్, ఆరు గేర్లు, 176 కిలోలు. పాత బుల్లెట్‌కి రెట్టింపు కంటే ఎక్కువ శక్తి. ఇంగ్లండులో ఒకప్పుడు పోటీపడ్డ రెండు పేర్లలో ఎన్‌ఫీల్డ్ చెన్నైలో, ట్రయంఫ్ బజాజ్ వాళ్ళ చేతుల మీదుగా పుణె దగ్గర చాకన్‌లో తయారవుతున్నాయని తలుచుకుంటే నవ్వొస్తుంది. సర్వీసు 16,000 కిలోమీటర్లకి లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. కానీ బుల్లెట్ అలవాటు ఉన్నవాళ్ళకి ఇది మొదట్లో చికాకు పెడుతుంది. మనం టాప్ గేరులో ముప్పై ఐదుకి దిగి, మళ్ళీ యాక్సిలరేటర్ తిప్పి లాక్కుపోవడానికి అలవాటు పడ్డాం. ఇది అలా చేస్తే గునుస్తుంది. గేరు దింపమంటుంది. రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు ఆ గేర్లు వేయడమే పండగ. ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో అదే పని పనిమనిషి పనిలా ఉంటుంది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. 2018లో వచ్చిన రెండు సిలిండర్ల బండి, 47 హార్స్‌పవర్, నెలకి రెండుసార్లయినా మూడొందల కిలోమీటర్లు పోయేవాళ్ళకి ఆ డబ్బుకి అంత హాయి ఇంకెక్కడా లేదు. ఊళ్ళో తిరగడానికైతే వద్దు. రెండొందల కిలోల పైన బరువు, మే నెలలో బెజవాడ ఎండకి తోడు తొడల దగ్గర ఇంజన్ వేడి.

350 గీత

2025 సెప్టెంబర్ 22 నుంచి బండి ఎంపికలో ఈ గీతే పెద్దదైంది. 350 సీసీ లోపు బళ్ళకి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఆపైన వాటికి సెస్సుతో కలిపి 31 ఉండేది 40 అయింది. కొత్త బుల్లెట్, హంటర్, సీబీ 350, జావా 350 అన్నీ గీతకి ఇవతల. స్పీడ్ 400, ఇంటర్‌సెప్టర్ అవతల. ఇన్సూరెన్సులో కూడా ఇదే గీత. 2022 జూన్‌లో పెట్టిన రేట్ల ప్రకారం కొత్త బండికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ ప్రీమియం 150 నుంచి 350 సీసీ దాకా 7,365 రూపాయలు, పైన 15,117. కాబట్టి షోరూం ధర పక్కపక్కన పెట్టి పోల్చకండి. రెండు చోట్లా ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకోండి. యాక్సెసరీలు, "హ్యాండ్లింగ్ చార్జీలు" విడిగా రాయమనండి. రాయడానికి ఇష్టపడని సేల్స్‌మన్ దగ్గర కొనకండి.

సర్వీసు మీద నమ్మకం పోయినవాళ్ళు కూడా కొందరున్నారు. నాకూ ఒకచోట అనుభవమైంది, ఏ కంపెనీ అన్నది అనవసరం. గాజు గోడ బయట మనల్ని కూర్చోబెడతారు, లోపల ఎవరు ఏం విప్పారో తెలియదు. చెప్పిన శబ్దం అలాగే ఉంది, బిల్లులో మాత్రం పదకొండు లైన్లు. దానికి విసిగి కంపెనీ మారితే అక్కడా గాజు గోడే ఉంటుంది. నేను కనిపెట్టిన పరీక్ష ఒకటుంది. బుక్ చేసే ముందు ఆ కంపెనీ స్పేర్స్ కౌంటర్‌కి వెళ్ళి క్లచ్ కేబుల్, ముందు బ్రేక్ లివర్ ఉన్నాయా అని అడగండి. రెండూ చేతిలో పెట్టారా, సరే. "ఆర్డర్ పెట్టాలి సార్" అన్నారా, ఆలోచించుకోండి. పడిపోతే మొదట విరిగేవి అవే.

టెస్ట్ రైడ్ అంటే షోరూం చుట్టూ ఒక రౌండ్ కాదు. నలభై నిమిషాలు అడగండి, మధ్యాహ్నం ఎండలో. ఏటవాలు చోట ఆపి వెనక్కి లాగి చూడండి. వెనక ఎవరు కూర్చుంటారో వాళ్ళని తీసుకెళ్ళండి. ఇంకొక్క జాగ్రత్త కుడికాలి గేరు బళ్ళవాళ్ళకి ప్రత్యేకంగా. మన ఎడమకాలు ఇరవై ఏళ్ళుగా బ్రేక్ కాలు. సీబీ నడుపుతూ పటమట దగ్గర ఆటో అడ్డం వస్తే నేను ఎడమకాలు గట్టిగా తొక్కాను. బండి ఆగలేదు, గేరు పడింది. ముందు బ్రేకు, ఏబీఎస్ కాపాడాయి. మొదటి వారం రద్దీలోకి తీసుకెళ్ళకండి.

పాతది అమ్మాలనే నిర్ణయించుకుంటే ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వొద్దు. వాళ్ళకది పాత ఇనుము లెక్క. క్యాస్ట్ ఐరన్ బళ్ళ కోసం తిరిగేవాళ్ళు ఉన్నారు. ఒరిజినల్ ట్యాంకు, మీటర్లు, టూల్ బాక్సులు ఉంటే ధర వేరు, కాబట్టి అటక మీద పడేసిన పాత పార్టులు దించండి. ఆర్సీ వాళ్ళ పేరుకి మారేదాకా ఊరుకోవద్దు.

ఇంతకీ నేనేం చేశానంటే, పాతది ఉంచుకున్నాను, కొత్త బుల్లెట్ కొన్నాను. సీబీ మీదే మనసు పెట్టుకుని మా ఆవిడని టెస్ట్ రైడ్‌కి తీసుకెళ్ళాను. పది నిమిషాలకే "ఇందులో నాకు చోటు లేదు" అంది. బుల్లెట్ ఒంటిముక్క సీటు మీద కూర్చుని ఏమీ అనలేదు. మా ఇంట్లో అది ఒప్పుకున్నట్టే లెక్క. కొత్తది తీసుకుని ఐదు నెలలైంది. దాన్ని నేను ప్రేమించట్లేదు. మిక్సీని ప్రేమిస్తామా? నొక్కితే తిరుగుతుంది, చాలు. పాతదాన్ని ఆదివారం పొద్దున్నే తీసి కృష్ణ ఒడ్డు దాకా వెళ్ళొస్తున్నాను. రోజూ నడిపే బాధ తప్పాక దాని మీద చిరాకు కూడా తగ్గింది.

బావ ఇంకా ఏమీ కొనలేదు. పోయిన వారం మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, మాటల మధ్యలో లేచి షెడ్డులోకి వెళ్ళాడు. నేను వెళ్ళేసరికి కవరు తీసి ఉంది. తాళం తిప్పి, కిక్ మెల్లగా నొక్కుతూ అమీటర్ ముల్లు మధ్యకి తెచ్చి పెట్టాడు. డీకంప్రెషన్ లివర్ పట్టుకుని నాకేసి చూశాడు.

"కాలు నొప్పిగా ఉంది. నువ్వు కొట్టు" అన్నాడు.